స్టాటిక్ వేరియబుల్ ఒక్కోదానికీ విడిగా అడ్రస్ లోడ్ చేస్తోంది జీసీసీ, ఎందుకు?

గాజువాక_బోర్డులు:

అందరికీ నమస్కారమండీ. మాది ఆటోనగర్‌లో చిన్న యూనిట్, ఐస్ ప్లాంట్లకీ రొయ్యల కోల్డ్ స్టోరేజీలకీ టెంపరేచర్ కంట్రోలర్ బోర్డులు చేస్తాం, ఎక్కువ ఫిషింగ్ హార్బర్ వైపే వెళ్తాయి. చిప్ ఎస్‌టీఎం32ఎఫ్103సీ8, కార్టెక్స్-ఎం3, ఫ్లాష్ 64 కేబీ, ర్యామ్ 20 కేబీ. ఇప్పుడు కొత్తగా మోడ్‌బస్ (మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోటోకాల్) కావాలన్నారు, అది ఎక్కించేసరికి ఫ్లాష్ అంచుదాకా వచ్చేసింది. ఇప్పటికే ఫీల్డ్‌లో తిరుగుతున్న బోర్డులకి కూడా ఇదే అప్‌డేట్ వెళ్ళాలి కాబట్టి పెద్ద చిప్ పెట్టుకోండి అనే సలహా మాత్రం వద్దండీ, అది కుదరదు.

సరే ఎక్కడ తింటోందో చూద్దామని, జీసీసీ కంపైలర్ ఇచ్చిన మెషీన్ కోడ్‌ని ఇన్‌స్ట్రక్షన్లుగా చూపించే డిస్‌అసెంబ్లీ తీసి కూర్చున్నా. కంట్రోల్ ఫైల్లో పైన అయిదు స్టాటిక్ ఇన్ట్‌లు ఉన్నాయి: సెట్_టెంప్, ఇప్పటి_టెంప్, గ్యాప్, డీఫ్రాస్ట్_టైమ్, కంప్రెసర్. అన్నీ ఒకే ఫైల్లో, ఒకదాని కింద ఒకటి రాసినవే. వాటిని చదివే ఫంక్షన్ మొదలు ఇలా వస్తోంది (ఎల్‌డీఆర్ అంటే మెమరీలోంచి రిజిస్టర్‌లోకి లోడ్, పీసీ అంటే ఇప్పుడు నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ చోటు):

ఎల్‌డీఆర్ ఆర్3, [పీసీ, #40]
ఎల్‌డీఆర్ ఆర్2, [ఆర్3, #0]
ఎల్‌డీఆర్ ఆర్3, [పీసీ, #40]
ఎల్‌డీఆర్ ఆర్1, [ఆర్3, #0]

ఇలాగే అయిదింటికీ. అంటే ప్రతి వేరియబుల్‌కీ ముందు దాని అడ్రస్‌ని ఫ్లాష్‌లోంచి తెచ్చుకుని, ఆ తర్వాత ఆ అడ్రస్‌లో ఉన్న విలువని తెచ్చుకుంటోంది, ఫంక్షన్ చివర అయిదు అడ్రస్‌లూ వరసగా పడున్నాయి, ఒక్కోటీ 4 బైట్లు.

ఇదే ఫంక్షన్‌నీ ఇవే అయిదు వేరియబుల్స్‌నీ ఒక ఖాళీ ఫైల్లో పెట్టి అదే కంపైలర్‌తో, సైజు తగ్గించే అదే -ఓఎస్‌తో చేత్తో కంపైల్ చేస్తే ఇలా వచ్చింది:

ఎల్‌డీఆర్ ఆర్3, [పీసీ, #20]
ఎల్‌డీఆర్ ఆర్2, [ఆర్3, #0]
ఎల్‌డీఆర్ ఆర్1, [ఆర్3, #4]
ఎల్‌డీఆర్ ఆర్0, [ఆర్3, #8]

ఒక్క అడ్రస్ తెచ్చుకుని మిగతావన్నీ దాన్నించి 4, 8, 12 అని లెక్కేసుకుంటోంది. కంపైలర్‌కి ఈ తెలివి ఉన్నప్పుడు ప్రాజెక్ట్‌లో ఎందుకు వాడట్లేదండీ? కోడ్ ఒకటే, వెర్షన్ ఒకటే. ఇంకొక డౌట్ కూడా, ఫంక్షన్ లోపల రాసిన స్టాటిక్‌కీ బయట రాసిన స్టాటిక్‌కీ ఈ విషయంలో తేడా ఏమైనా ఉంటుందా?

లింకర్_స్క్రిప్ట్:

తమ్ముడూ, మేక్‌ఫైల్లో ఫ్లాగుల లైను ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు. ముఖ్యంగా -ఎఫ్‌డేటా-సెక్షన్స్ ఉందో లేదో చూడు. ఉంటే జవాబు అదే, కానీ ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్దగా రాయాలి.

గాజువాక_బోర్డులు:

ఉందన్నా. -ఎంసీపీయూ=కార్టెక్స్-ఎం3, -ఎంథంబ్, -ఓఎస్, -ఎఫ్‌ఫంక్షన్-సెక్షన్స్, -ఎఫ్‌డేటా-సెక్షన్స్, కంపైలైన ఫైళ్ళన్నీ కలిపి అడ్రస్‌లు వేసే లింకర్‌కి --జీసీ-సెక్షన్స్. బోర్డు మొదలెట్టినప్పుడు టూల్ జెనరేట్ చేసిచ్చిన మేక్‌ఫైల్, అప్పట్నించీ ఉన్నవే. కానీ ఇవి సైజు తగ్గించడానికి పెట్టేవి కదా, వాడని కోడ్ వాడని డేటా తీసేస్తాయని?

లింకర్_స్క్రిప్ట్:

సైజు తగ్గించడానికే, కానీ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది, నీ కేసులో తీసుకునేదే ఎక్కువలా ఉంది. మొదట్నించీ చెప్తాను.

ఎం3లో ఇన్‌స్ట్రక్షన్ 16 బిట్లు గానీ 32 బిట్లు గానీ ఉంటుంది. ర్యామ్ అడ్రస్ చూస్తే 0ఎక్స్20000000 నించి మొదలై అదే 32 బిట్లు. 32 బిట్ల అడ్రస్ 32 బిట్ల ఇన్‌స్ట్రక్షన్‌లో పట్టదు కదా, ఎల్‌డీఆర్ అని చెప్పడానికీ ఏ రిజిస్టర్‌లోకి అని చెప్పడానికీ కూడా బిట్లు కావాలి. అందుకని రెండు దార్లున్నాయి. ఒకటి నువ్వు చూసినదే, అడ్రస్‌ని ఫంక్షన్ పక్కనే ఫ్లాష్‌లో పెట్టుకుని పీసీ నించి ఇంత దూరంలో ఉంది తెచ్చుకో అనడం, దీన్నే లిటరల్ పూల్ అంటారు. రెండోది మోవ్‌డబ్ల్యూ, మోవ్‌టీ జంట, కింది 16 బిట్లు ఒకటి, పై 16 బిట్లు ఒకటి నింపుతాయి, రెండూ కలిపి 8 బైట్లు. చిన్న కోర్ అయిన కార్టెక్స్-ఎం0లో ఈ రెండో దారి లేనే లేదు, అక్కడ పూల్ ఒక్కటే గతి.

ఇప్పుడు నీ మొదటి లిస్టింగ్‌లో ఒక్క వేరియబుల్ ఖర్చు లెక్కేద్దాం. అడ్రస్ తెచ్చే ఎల్‌డీఆర్ 2 బైట్లు, పూల్‌లో అడ్రస్ 4 బైట్లు, విలువ తెచ్చే ఎల్‌డీఆర్ 2 బైట్లు, మొత్తం 8. అయిదింటికీ 40. రెండో లిస్టింగ్‌లో అడ్రస్ ఒక్కసారే, 2 ప్లస్ 4, ఆ తర్వాత అయిదు ఎల్‌డీఆర్‌లకి 10, మొత్తం 16. ఇది ఒక్క ఫంక్షన్‌కే. అవే వేరియబుల్స్‌ని ముట్టుకునే ప్రతి ఫంక్షన్‌కీ దాని సొంత పూల్ ఉంటుంది కాబట్టి ప్రతిచోటా ఇదే లెక్క తిరిగొస్తుంది. టైము సంగతి కూడా చూడు, ఎఫ్103 ని 72 మెగాహెర్ట్జ్‌లో నడిపితే ఫ్లాష్‌కి 2 వెయిట్ స్టేట్లు, అంటే ఆగే క్లాక్ సైకిళ్ళు, పెట్టాలి, పూల్ ఉండేదేమో ఆ ఫ్లాష్‌లోనే, పైగా అడ్రస్ చేతికి వచ్చేదాకా రెండో లోడ్ మొదలవదు.

మరి రెండో పద్ధతికి కంపైలర్‌కి ఏం తెలియాలి? గ్యాప్ అనేది సెట్_టెంప్ నించి సరిగ్గా ఎన్ని బైట్ల దూరంలో ఉందో తెలియాలి. అసలు అడ్రస్ తెలియక్కర్లేదు, అది ఎలాగూ లింకర్ వేస్తుంది, మధ్య దూరం తెలిస్తే చాలు. కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా విమానం మ్యూజియం అని చెప్తే చాలు కదా, ఆర్‌కే బీచ్ రోడ్డు అడ్రస్ మొత్తం రెండోసారి చెప్పం, అలాగన్నమాట. ఆ సబ్‌మెరైన్ లాంటి గుర్తునే జీసీసీ యాంకర్ అంటుంది, ఆప్షన్ పేరు -ఎఫ్‌సెక్షన్-యాంకర్స్. ఆర్మ్‌కి -ఓ1 నించి పైకి, -ఓఎస్‌తో సహా, తనంతట తనే ఆన్‌లో ఉంటుంది. నీ ఖాళీ ఫైల్‌ని -ఎస్ పెట్టి అసెంబ్లీ తీస్తే అందులో .ఎల్‌యాంకర్0 అని ఒక పేరు కనపడుతుంది, అదే.

కంపైలర్ ఏం చేస్తుందంటే, ఫైల్లోని స్టాటిక్స్‌ని ఒకే సెక్షన్‌లోకి పోయేవన్నీ ఒక బ్లాకుగా తనే పేర్చుకుంటుంది. తనే పేర్చింది కాబట్టి దూరాలు తనకి తెలుసు. అక్కడ నువ్వు -ఎఫ్‌డేటా-సెక్షన్స్ ఇచ్చావనుకో, ప్రతి వేరియబుల్‌నీ దాని సొంత సెక్షన్‌లో పెట్టు అని చెప్పినట్టు, .బీఎస్‌ఎస్.గ్యాప్, .బీఎస్‌ఎస్.కంప్రెసర్ ఇలా. ఏ సెక్షన్ ఎక్కడ పెట్టాలో, ఏది పూర్తిగా పారెయ్యాలో లింకర్ తర్వాత నిర్ణయిస్తుంది. ఇంక కంపైలర్ దూరం ఎలా చెప్తుంది? మధ్యలోది లింకర్ పీకేస్తే 8 కాస్తా 4 అవుతుంది. అందుకని ప్రతిదానికీ పూర్తి అడ్రస్ అడగడం తప్ప దానికి వేరే దారి లేదు. యాంకర్స్ ఆప్షన్ ఆన్‌లోనే ఉంటుంది, కానీ ఒక్కో బ్లాకులో ఒక్కటే వేరియబుల్ ఉంటే పంచుకోడానికి ఏముంది. ఈ ఫ్లాగ్ కోడ్ జెనరేషన్ మీద ప్రభావం చూపుతుందని, దగ్గరి దూరాల మీద ఆధారపడే ఆప్టిమైజేషన్లు ఆగిపోతాయని జీసీసీ మాన్యువల్లోనే రాసుంది, మేక్‌ఫైల్ ఎక్కడో జెనరేట్ అయి వస్తుంది కాబట్టి ఆ పేజీ ఎవరూ తెరవరు.

ఫంక్షన్ లోపలి స్టాటిక్ గురించి అడిగావు, ఈ విషయంలో తేడా ఏం లేదు. పేరు మాత్రం కౌంట్.0 లా మారుస్తుంది, స్టోరేజీ అదే, యాంకర్ కిందకి అదీ వస్తుంది, డేటా-సెక్షన్స్ పెడితే అదీ విడిపోతుంది.

సీతమ్మధార_ల్యాబ్:

బాగా చెప్పారండీ. నేను ఇంజినీరింగ్ కాలేజీలో మైక్రోకంట్రోలర్స్ చెప్తాను, పిల్లలు తరచూ పడే చోటు ఒకటి కలుపుతాను.

యాంకర్ ఫైల్‌కి ఒకటే అనుకోవద్దు బాబూ. మొదటి విలువ ఇవ్వనివీ సున్నా ఇచ్చినవీ .బీఎస్‌ఎస్‌లోకి వెళ్తాయి, సున్నా కాని విలువ ఇచ్చినవి .డేటాలోకి వెళ్తాయి, కాన్స్ట్ అయితే .రోడేటా. ఈ మూడింటి మధ్య దూరం కంపైలర్‌కి తెలీదు, కాబట్టి ఒక్కోదానికి ఒక్కో యాంకర్. నాలుగు వేరియబుల్స్ సున్నాతో మొదలై, అయిదోదానికి మాత్రం గ్యాప్ = 5 అని రాస్తే ఆ ఒక్కదాని కోసం రెండో అడ్రస్ లోడ్ అవుతుంది. దాన్ని ఇనిట్ ఫంక్షన్‌లో 5 చేసి పైన ఖాళీగా వదిలేస్తే అన్నీ ఒకే బ్లాకులోకి వస్తాయి.

రెండోది, రీచ్. థంబ్-2లో ఎల్‌డీఆర్ ఆఫ్‌సెట్ 0 నించి 4095 దాకా. మధ్యలో పెద్ద అరే ఒకటి పడితే దాని అవతల ఉన్నవి రీచ్ దాటిపోయి ఇంకో యాంకర్ పుడుతుంది. టెంపరేచర్ లాగ్ బఫర్ లాంటివి మీ దగ్గర ఉండే ఉంటాయి, అవి ఎక్కడ పడుతున్నాయో మ్యాప్ ఫైల్లో చూసుకోండి.

పాత ప్రాజెక్టులు చూసేవాళ్ళకి ఇంకోటి. జీసీసీ 10 అంటే 2020 కంటే ముందువాటిలో, స్టాటిక్ అని రాయకుండా, విలువ ఇవ్వకుండా వదిలేసిన గ్లోబల్స్ కామన్ సింబల్స్‌గా వెళ్ళేవి, వాటి చోటు లింకరే వేసేది, కాబట్టి వాటికీ యాంకర్ అందేది కాదు. 10 నించి -ఎఫ్‌నో-కామన్ డిఫాల్ట్ అయింది. పాత టూల్‌చెయిన్‌లో ఇరుక్కున్నవాళ్ళు కనీసం స్టాటిక్ అని రాసుకున్నా పని జరుగుతుంది.

గాజువాక_బోర్డులు:

మేడమ్, అన్నా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అర్థమైంది. ఇప్పుడు మరి ఏం చెయ్యమంటారు, డేటా-సెక్షన్స్ మొత్తం తీసెయ్యనా? తీసేస్తే వెండర్ లైబ్రరీలో వాడని డేటా అంతా వచ్చి పడుతుందేమో అని భయం, ర్యామ్ 20 కేబీయే కదా. ఇంకో ప్రశ్న, కంప్రెసర్ అనేదాన్ని టైమర్ ఇంటరప్ట్‌లో మారుస్తాం, అది వోలటైల్, అది కూడా యాంకర్ కిందకి వస్తే ఏమైనా ప్రమాదమా?

లింకర్_స్క్రిప్ట్:

మొత్తం తీయొద్దు. ఫైల్ వారీగా తీయి. నీ సొంత అప్లికేషన్ ఫైళ్ళకి చివర్లో -ఎఫ్‌నో-డేటా-సెక్షన్స్ కలుపు, లైబ్రరీ ఫైళ్ళకి ఉన్నది ఉంచెయ్. ఎందుకంటే స్టాటిక్‌కి సంబంధించినంతవరకు ఫైల్ మొత్తం కంపైలర్ కళ్ళ ముందే ఉంటుంది, ఎవరూ వాడని స్టాటిక్‌ని అదే తీసేస్తుంది, లింకర్ సాయం అక్కర్లేదు. లింకర్ సాయం కావలసింది ఎక్కడంటే, బయటికి కనపడే ఫంక్షన్ ఒకటి ఉంది, దాన్ని ప్రాజెక్ట్‌లో ఎవరూ పిలవట్లేదు, ఆ ఫంక్షన్ మాత్రమే వాడే బఫర్ ఒకటి ఉంది, అలాంటిచోట. లైబ్రరీల్లో అలాంటివి కొల్లలు. నీ కంట్రోల్ ఫైల్లో ప్రతి ఫంక్షనూ ఎవరో ఒకరు పిలిచేదే కదా, అక్కడ డేటా-సెక్షన్స్ వల్ల నీకు వచ్చేది దాదాపు ఏమీ లేదు. ఫంక్షన్-సెక్షన్స్ జోలికి మాత్రం పోవద్దు, దాన్ని అన్నిచోట్లా ఉంచు.

వోలటైల్‌కి ప్రమాదం ఏం లేదు. రెండు వేరు సంగతులు ఇవి. అడ్రస్ పంచుకోవడం ఒకటి, విలువని రిజిస్టర్‌లో దాచుకోవడం ఇంకొకటి. వోలటైల్ అన్నది రెండోదాన్నే ఆపుతుంది, రాసిన ప్రతిసారీ నిజంగా మెమరీకి వెళ్ళి చదవాలి, రాయాలి. ఏ బేస్ నించి వెళ్ళింది అన్నది దానికి పట్టదు. వోలటైల్ లేకపోతేనే ప్రమాదం, లూప్‌లో తిరుగుతూ స్టాటిక్ కౌంటర్ పెంచుతుంటే కంపైలర్ దాన్ని రిజిస్టర్‌లోనే పెంచుకుని లూప్ అయ్యాక ఒక్కసారి మెమరీలో వేస్తుంది, ఈలోగా ఇంటరప్ట్‌లో ఉన్నవాడు చూస్తే పాత విలువే కనపడుతుంది.

మధురవాడ_బ్యాకెండ్:

నేను బోర్డుల మనిషిని కాదు, ఐటీ హిల్స్‌లో సర్వర్ కోడ్ రాస్తాను, కానీ ఈ చర్చ చదువుతుంటే మా వైపు ఇది ఎలా ఉంటుందో చెప్పాలనిపించింది ఎందుకంటే అక్కడ కథ వేరుగా ఉంటుంది.

సర్వర్లలో ఉండే ఎక్స్86-64లో ఇన్‌స్ట్రక్షన్ పొడవు 15 బైట్ల దాకా సాగుతుంది, 32 బిట్ల దూరం ఇన్‌స్ట్రక్షన్ లోపలే పట్టేస్తుంది. మోవ్ ఈఏఎక్స్, [ఆర్‌ఐపీ + దూరం] (ఆర్‌ఐపీ అంటే మీ పీసీ లాంటిదే) మొత్తం 6 బైట్లు, ఒకటే ఇన్‌స్ట్రక్షన్, ముందుగా అడ్రస్ తెచ్చుకునే మెట్టే లేదు. ఆర్‌ఐపీ నించి 2 జీబీ అటూ ఇటూ అందుతుంది. ఆ దూరం ఎంతో లింకర్ వచ్చి నింపుతుంది కాబట్టి ఏ వేరియబుల్ ఎక్కడ పడినా ఖర్చు మారదు. అందుకే ఎక్స్86కి జీసీసీలో సెక్షన్-యాంకర్స్ సపోర్టే లేదు, అవసరం రాలేదు.

కానీ మాకు రెండుచోట్ల తేడా తెలుస్తుంది. ఒకటి స్టాటిక్ అరేలో ఇండెక్స్ వేసినప్పుడు. ఆర్‌ఐపీతో పాటు ఇండెక్స్ రిజిస్టర్ పెట్టే వీలు ఆ ఎన్‌కోడింగ్‌లో లేదు. అందుకని పీఐఈ బిల్డ్‌లో, అంటే ప్రోగ్రామ్‌ని మెమరీలో ఎక్కడైనా పెట్టగలిగేలా కట్టినప్పుడు, ముందు అడ్రస్ లెక్కగట్టే ఎల్ఈఏ ఇన్‌స్ట్రక్షన్‌తో అరే మొదలు తెచ్చుకుని, ఆ తర్వాత దానికి ఇండెక్స్ కలిపి చదవాలి. పీఐఈ కాకపోతే అరే అడ్రస్ 32 బిట్లలో పట్టేస్తుంది కాబట్టి ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో అయిపోయేది. ఉబుంటు 16.10 నించి పీఐఈ డిఫాల్ట్, కాబట్టి ఇప్పుడు దాదాపు అందరం ఆ ఎల్ఈఏ కడుతున్నట్టే, లూప్ అయితే బయటికి ఒకసారి తీసేస్తుంది గనక పెద్ద బాధ లేదు.

రెండోది షేర్డ్ లైబ్రరీలు. -ఎఫ్‌పిక్‌తో కట్టిన లైబ్రరీలో బయటికి కనపడే గ్లోబల్ అయితే జీఓటీ అనే పట్టికలోంచి దాని అడ్రస్ తెచ్చుకుని ఆ తర్వాత విలువ తెచ్చుకోవాలి, అంటే అచ్చం మీ మొదటి లిస్టింగ్‌లాగే రెండు మెట్లు. ఎందుకంటే అదే పేరుతో ఇంకో వేరియబుల్ మెయిన్ ప్రోగ్రామ్‌లో ఉంటే దాన్నే వాడాలన్న రూల్ ఉంది. అదే స్టాటిక్ అని ఒక్క మాట రాస్తే బయటివాళ్ళు దాన్ని మార్చలేరని కంపైలర్‌కి తెలిసిపోతుంది, నేరుగా ఆర్‌ఐపీ నించి ఒక్క మెట్టులో చదివేస్తుంది. మా టీంలో కొత్తగా వచ్చినవాళ్ళకి స్టాటిక్ రాయండి రాయండి అని నేను చెప్పేది పేర్లు కలవకుండా ఉండడానికి మాత్రమే కాదు, దీనికోసం కూడా.

రుషికొండ_రిస్క్‌ఫైవ్:

బ్రదర్, ఇదే సమస్యని రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ డిజైన్ వాళ్ళు ఇంకో వైపు నించి పరిష్కరించారు, నాకు చాలా ఇష్టమైన డిజైన్ కాబట్టి రాయకుండా ఉండలేను.

అక్కడ కంపైలర్ దూరాలు ఊహించే పనే పెట్టుకోదు, ప్రతి స్టాటిక్‌కీ రెండు ఇన్‌స్ట్రక్షన్ల పొడుగు రూపమే రాస్తుంది, ఎల్‌యూఐ గానీ ఏయూఐపీసీ గానీ ఒకటి, దాని వెనక లోడ్. రాస్తూ పక్కన ఒక గుర్తు పెడుతుంది, వీలైతే దీన్ని పొట్టి చేసుకోవచ్చు అని. లింకర్ అన్నీ పేర్చేశాక ఎవరు ఎక్కడున్నారో దానికి ఖచ్చితంగా తెలుసు కదా, అప్పుడు జీపీ అనే రిజిస్టర్ నించి దగ్గర్లో ఉన్నవాటికి మొదటి ఇన్‌స్ట్రక్షన్‌ని పూర్తిగా పీకేసి లోడ్ ఒక్కటే ఉంచుతుంది. దీన్ని రిలాక్సేషన్ అంటారు. జీపీని మామూలుగా చిన్న డేటా సెక్షన్ అయిన .ఎస్‌డేటా మొదలు నించి 0ఎక్స్800 ముందుకి పెడతారు, ఎందుకంటే ఆఫ్‌సెట్ 12 బిట్లు, గుర్తుతో సహా, అంటే మైనస్ 2048 నించి ప్లస్ 2047 దాకా, మధ్యలో నిలబడితే రెండు వైపులా కలిపి 4 కేబీ అందుతుంది. ఈ పద్ధతిలో డేటా-సెక్షన్స్ పెట్టినా నష్టం లేదు, దూరం లెక్క లింకర్ చేతిలోనే ఉంది కాబట్టి. ఫైల్ దాటి ఫైల్ కూడా పని చేస్తుంది, యాంకర్‌కి ఆ వీలు లేదు.

స్టార్టప్‌లో జీపీ నింపే లైను దగ్గర మాత్రం రిలాక్స్ ఆపాలి, లేకపోతే జీపీని నింపే ఇన్‌స్ట్రక్షన్‌నే లింకర్ జీపీతో లెక్కగట్టేస్తుంది. స్టార్టప్ ఫైల్ సొంతంగా రాసుకునేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. ఆర్మ్ మైక్రోకంట్రోలర్ల వైపు జీఎన్‌యూ లింకర్ ఈ పని చెయ్యదు, కాబట్టి గాజువాక బ్రదర్‌కి ఇది ఇప్పుడు ఉపయోగపడదు, వచ్చే బోర్డుకి ఈఎస్‌పీ32-సీ3 లాంటిది చూస్తే గుర్తుంచుకోండి.

సీతమ్మధార_ల్యాబ్:

రిస్క్-ఫైవ్ మాట బాగుంది. జీసీసీ బదులు క్లాంగ్ కంపైలర్ వాడేవాళ్ళకి ఒక మాట, దాని వెనకున్న ఎల్‌ఎల్‌వీఎంలో యాంకర్ బదులు గ్లోబల్ మెర్జ్ అని ఒక పాస్ ఉంది, స్టాటిక్స్ కొన్నిటిని నిజంగానే కలిపి ఒకే పెద్ద వస్తువుగా చేసేస్తుంది, మ్యాప్‌లో _మెర్జ్‌డ్‌గ్లోబల్స్ అని కనపడితే కంగారు పడకండి. కలిపేశాక లింకర్ అందులో ఒక్కదాన్ని విడిగా తీయలేదు, ఉంటే అన్నీ ఉంటాయి.

ఇక బాబూ, నేనైతే ఫ్లాగుల మీద ఆధారపడకుండా స్ట్రక్ట్ రాయమంటాను. కంట్రోల్‌కి సంబంధించిన ఆ అయిదింటినీ ఒక స్ట్రక్ట్‌లో పెట్టి, ఆ స్ట్రక్ట్‌ని స్టాటిక్‌గా ఒక్కటి డిక్లేర్ చెయ్యండి. స్ట్రక్ట్ లోపలి దూరాలు సీ భాష నియమం ప్రకారం కంపైలరే వేస్తుంది, లింకర్ దాన్ని విడగొట్టలేదు, డేటా-సెక్షన్స్ ఉన్నా లేకపోయినా, జీసీసీ అయినా క్లాంగ్ అయినా ఒక్క అడ్రస్సే. మీరు రోజూ వాడే హెడర్లలో ఇదే ఉంది చూడండి, పిన్నుల పోర్టు జీపీఐఓఏ అంటే 0ఎక్స్40010800 దగ్గర ఒక స్ట్రక్ట్, ఓడీఆర్ దాన్నించి 12 బైట్లు, బీఎస్‌ఆర్‌ఆర్ 16 బైట్లు. బేస్ ఒక్కసారి ఆర్3 లోకి వస్తే పిన్ చదవడం రాయడం అంతా దాని మీదే నడుస్తుంది. రిజిస్టర్లకి చేసినదే మన డేటాకీ చేసుకోవడం.

లింకర్_స్క్రిప్ట్:

మేడమ్‌తో కొంతవరకే ఒప్పుకుంటాను. స్ట్రక్ట్ మంచిదే, కానీ సంబంధం ఉన్నవాటికే. నేను చూసిన ఒక ప్రాజెక్ట్‌లో ఈ అడ్రస్ లాభం కోసమే ప్రపంచంలో ఉన్న డేటా అంతా ఒకే స్ట్రక్ట్‌లోకి తోసేశారు, డిస్‌ప్లేది, యూఆర్ట్‌ది, అలారమ్‌ది, అన్నీ. దాని హెడర్ ముట్టుకుంటే ప్రాజెక్ట్ మొత్తం తిరిగి కంపైల్ అయ్యేది, ఎవరు ఎవరి ఫీల్డ్ మారుస్తున్నారో తెలిసేది కాదు, వాడని ఫీల్డ్‌ని కంపైలరూ తీయదు లింకరూ తీయదు. ఫైల్‌కి ఒక చిన్న స్ట్రక్ట్, ఆ ఫైల్లోనే స్టాటిక్‌గా, అంతవరకు అయితే నూటికి నూరు పాళ్ళు మేడమ్ మాటే.

ఇంకో జాగ్రత్త. స్ట్రక్ట్‌లో ఒక్క ఫీల్డ్‌కి సున్నా కాని మొదటి విలువ ఇచ్చినా స్ట్రక్ట్ మొత్తం .డేటాలోకి పోతుంది. .డేటాలో ఉన్నదానికి ఫ్లాష్‌లో కాపీ ఉండాలి, బూట్‌లో అక్కణ్నించి ర్యామ్‌లోకి కాపీ చేస్తారు కదా. స్ట్రక్ట్‌లో 2 కేబీ లాగ్ బఫర్ పెట్టి, పైన గ్యాప్ = 5 అని రాస్తే ఆ 5 కోసం ఫ్లాష్‌లో 2 కేబీ సున్నాలు కూర్చుంటాయి. మనం బైట్లు మిగుల్చుకోడానికి బయల్దేరాం కాబట్టి ఇది ముందే చెప్తున్నా. విలువలన్నీ ఇనిట్‌లో వెయ్యి, పెద్ద బఫర్‌ని స్ట్రక్ట్ బయటే ఉంచు, లేదా అన్నిటికంటే చివర పెట్టు.

గాజువాక_బోర్డులు:

చేశానండీ. కంట్రోల్, అలారం, మోడ్‌బస్ మూడు ఫైళ్ళలోనూ ఫైల్‌కొక స్ట్రక్ట్ పెట్టాను, మిగతా అప్లికేషన్ ఫైళ్ళకి -ఎఫ్‌నో-డేటా-సెక్షన్స్. కంట్రోల్ ఫంక్షన్ చివర లిటరల్ పూల్‌లో ఇప్పుడు మూడే మిగిలాయి: స్ట్రక్ట్‌ది ఒకటి, జీపీఐఓ బేస్ ఒకటి, టైమర్ బేస్ ఒకటి. ఇంకో లాభం కూడా కనపడింది, ఇదివరకు ఫంక్షన్ మొదట్లో పుష్‌లో ఆర్4 నించి ఆర్7 దాకా నాలుగూ ఉండేవి, ఇప్పుడు ఆర్4 ఒక్కటే. అడ్రస్‌లు పట్టుకుని కూర్చున్న రిజిస్టర్లు ఖాళీ అయ్యాయన్నమాట. మోడ్‌బస్ పట్టింది, ఇంకా కాస్త చోటు కూడా ఉంది.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. అలారం స్ట్రక్ట్‌లో కొన్ని లోడ్లు 2 బైట్లు, కొన్ని 4 బైట్లు వస్తున్నాయి, అదే ఎల్‌డీఆర్‌బీ (ఒక్క బైటు లోడ్), అదే బేస్. ఫ్లాగులన్నీ ఒక్క బైటు యుఇన్ట్8లే, ఇన్ట్‌ల తర్వాత రాశాను.

సీతమ్మధార_ల్యాబ్:

అది 16 బిట్ల రూపం రీచ్ బాబూ. ఆ పొట్టి రూపంలో ఆఫ్‌సెట్‌కి 5 బిట్లే ఉంటాయి, దాన్ని డేటా సైజుతో గుణిస్తుంది. కాబట్టి ఎల్‌డీఆర్ అయితే 124 బైట్ల దాకా, రెండు బైట్ల ఎల్‌డీఆర్‌హెచ్ అయితే 62 దాకా, ఎల్‌డీఆర్‌బీకి 31 దాకానే. అది దాటితే 32 బిట్ల ఎల్‌డీఆర్‌బీ వాడాలి, అదే మీరు చూస్తున్న 4 బైట్లు. మీ ఫ్లాగులు ఇన్ట్‌ల వెనకాల 31 దాటి పడ్డాయి. యుఇన్ట్8లని స్ట్రక్ట్ మొదట్లోకి తెండి, వాటి వెనక యుఇన్ట్16లు, ఆ తర్వాత ఇన్ట్‌లు. యుఇన్ట్8ల సంఖ్య నాలుగు గుణకంలో లేకపోతే ఇన్ట్‌కి ముందు మూడు బైట్ల దాకా ప్యాడింగ్ పడొచ్చు, అది ర్యామ్‌లో పోయేది, ఒక్కసారే పోయేది. ఫ్లాష్‌లో మిగిలేదేమో ఆ ఫ్లాగ్‌ని ముట్టుకున్న ప్రతిచోటా 2 బైట్లు. ఇంకోటి, పొట్టి రూపం ఆర్0 నించి ఆర్7 దాకానే పని చేస్తుంది, ఆర్8 పైన పడితే మళ్ళీ 4 బైట్లే. మీ పుష్‌లో ఇప్పుడు ఆర్4 ఒక్కటే ఉందంటున్నారు కాబట్టి ఆ బెడద మీకు లేదు.